పొడపాముకు నేను పెట్టిన దీర్ఘం

జంతుశాస్త్రం చదివే పిల్లలు ఇప్పటికీ అప్పుడప్పుడు నా దగ్గరకు వచ్చి, పామును గుర్తుపట్టడంలో అన్నింటికంటె కష్టమైన పని ఏదని అడుగుతుంటారు. పొలుసులు లెక్కించడమని చెబుతానని వారి ఊహ. పొలుసులు లెక్కించడానికి మంచి వెలుతురు, కొంత ఓపిక ఉంటే చాలు. చచ్చిన పాము తొందరపెట్టదు. కష్టమంతా పేరు దగ్గర వస్తుంది. ఈ సంగతి ఉద్యోగంలో చేరిన ఇరవై ఏళ్ళకు గాని నాకు తెలియలేదు. తెలిసిన రోజున ఒక మనిషి ప్రాణం దానిమీద ఆధారపడి ఉన్నది. కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

బెంగుళూరులోని ఒక కళాశాలలో జంతుశాస్త్ర విభాగపు నమూనాల గదికి నేను బాధ్యుణ్ణి. గోడ పొడవునా బీరువాలు, వాటిలో ఫార్మలిన్ నింపిన గాజుసీసాలు, ప్రతి సీసాకూ నా చేతివ్రాతతో ఒక చీటీ. ఎవరైనా ఒక సీసాను అంగుళం జరిపి పెట్టినా నాకు తెలిసేది. విద్యార్థులు నా వెనుక నన్ను 'ఫార్మలిన్' అని పిలిచేవారట. పదవీ విరమణ సభలో ఒకడు ధైర్యం చేసి ఈ సంగతి బయటపెట్టాడు. కుళ్ళకుండా ఉంచే ద్రవమే కదా అని నేను దానిని మెప్పుగానే స్వీకరించాను.

మా కుటుంబం నాలుగు తరాలుగా ఈ నగరంలోనే ఉన్నది. వీధిలో కన్నడం, ఇంట్లో తెలుగు. ఆ ఇంటి తెలుగు పుస్తకాల తెలుగు కాదు. మా నాయనమ్మ "అన్నం ఉండాది, తిను" అనేది. బడిలో వ్యాకరణం చదువుకున్న నేను "ఉన్నది అనాలి" అని దిద్దేవాణ్ణి. ఆమె నవ్వి, "ఉన్నది ఉండాది, తిను" అనేది. వయసుతో నా దిద్దుబాటు తగ్గవలసింది పోయి పెరిగింది.

తొంభైల నడిమికాలంలో మా విభాగాధిపతికి ఒక ఆలోచన వచ్చింది. ఆమె కన్నడిగ, మితభాషి. అందరమూ మేడం అనేవాళ్ళం. నగరంలో ఏ పాములు ఉంటాయో కొంతవరకు జాబితాలున్నాయి గాని, నగరానికి ఉత్తరాన, యలహంక దాటి దేవనహళ్ళి, దొడ్డబళ్ళాపురం వైపు పల్లెల్లో సహజంగా ఏ జాతులు ఉన్నాయో వినికిడి తప్ప వ్రాత లేదు. అక్కడ ద్రాక్షతోటలు, నీలగిరి తోపులు, రాతి క్వారీలు. కూలి పనికి రాయలసీమ నుంచి, పాలమూరు వైపు నుంచి వచ్చినవారు చాలామంది. ఆ ప్రాంతపు పాములను గుర్తించాలి. గుర్తించిన వాటితో ఆరోగ్య కేంద్రాల గోడలకు తగిలించే ఒక పట్టిక తయారుచేయాలి. ఒక గడిలో బొమ్మ, ఒక గడిలో కన్నడ పేరు, ఒక గడిలో తెలుగు పేరు, చివరి గడిలో విషం ఉన్నదా లేదా. తెలుగు గడి నాకు అప్పగించారు.

పామును చంపమని మేము ఎవరికీ చెప్పలేదు. చంపినదాన్ని పారవేయవద్దని మాత్రమే చెప్పాము. ఊరూరా పంచాయతీ కార్యాలయంలో మూతగల డబ్బా ఒకటి పెట్టి, నెలకు రెండుసార్లు విభాగపు జీపులో వెళ్ళి తెచ్చుకునేవాళ్ళం. డ్రైవరు ఆనేకల్ వైపు నేతగాళ్ళ ఇంటివాడు, మా ఇంటి తెలుగే మాట్లాడేవాడు. నోటికి అదుపు లేదు. జీపు వెనుక డబ్బాలు కదిలినప్పుడల్లా, "సార్, లోపల ఎవురో సీటు గురించి కొట్లాడుకుంటాండారు" అనేవాడు.

ఆ ఏడాది నాకు కలిగినంత కుతూహలం అంతకుముందు ఏ పుస్తకమూ కలిగించలేదు. ఒక ఊళ్ళో కట్లపాము అంటే కట్లపామే. పక్క ఊళ్ళో ఒంటిమీద కట్లు ఉన్న ప్రతిదీ కట్లపామే. పాపం, బల్లుల్ని తిని బతికే సాధుజీవులు ఆ పేరుతో ఎన్నో చచ్చాయి. నీరుకట్టెను ఒక పెద్దమనిషి "నీళ్ళలో ఉన్నంతసేపు మంచిది, గట్టెక్కితే చెడ్డది" అని వర్ణించాడు. చాలామంది మనుషులకు సరిపోయే వర్ణన అది. సాయంత్రం గదిలో డబ్బా తెరిచి, పామును తెల్లటి పళ్ళెంలో పరిచి, భూతద్దం పట్టుకుని కూర్చుంటే, చీటీమీద రైతు వ్రాయించిన పేరుకూ పళ్ళెంలోని జీవికీ సంబంధం ఉన్నదా లేదా అని చూడటం ఒక ఆటలా ఉండేది.

ఆ ఆటలోనే ఓడిపోయాను. ఎలాగో చెబుతాను.

ఒకరోజు డబ్బాలో పొట్టిగా, లావుగా ఉన్న పాము వచ్చింది. బూడిదరంగు ఒంటిమీద ముదురు మచ్చలు. చీటీమీద 'పొడ' అని ఉన్నది. తిరగవేసి పొట్ట చూశాను. రక్తపింజర అయితే పొట్టకింది పలకలు ఆ అంచునుంచి ఈ అంచుదాకా వెడల్పుగా ఉంటాయి. దీనికి అవి సన్నగా మధ్యలోనే ఆగిపోయాయి. తోక కొరికి వదిలేసినట్టు మొండిగా ఉన్నది. అనుమానం లేదు. కన్నడిగులు మణ్ణుముక్క అనే పాము అది. మట్టిలో కూరుకుని ఉంటుంది, విషం లేదు. తెలుగులో పూడుపాము. నా గుర్తింపు సరైనది. ఈ రోజుకూ దానిని ఎవరూ తప్పుపట్టలేరు.

తప్పు ఆ తర్వాతి అడుగులో ఉన్నది. ఆ రైతు దీనిని 'పొడ' అన్నాడు. ఇది పూడుపాము. కాబట్టి 'పొడ' అంటే పూడుపామే. పల్లె నోట్లో దీర్ఘం పోయి, పూడు కాస్తా పూడ అయి, పొడ అయింది. ఇంత చక్కని శబ్దవ్యుత్పత్తి దొరికినందుకు ఆ రాత్రి భోజనంలో ఒక ముద్ద ఎక్కువ తిన్నాను. ఆ రైతే పామును పొరబడి ఉండవచ్చునన్న ఆలోచన నాకు రాలేదు. మనిషి మాటలో పొరబడతాడని నమ్మాను గాని, మాట సరిగ్గా ఉండి మనిషి పామును పొరబడతాడని అనుకోలేదు.

పట్టికలో పూడుపాము గడిలో 'పూడుపాము, పొడ అనికూడా అందురు' అని వ్రాశాను. రక్తపింజర గడిలో పాఠ్యపుస్తకంలో ఉన్నట్టు 'రక్తపింజర' అని ఒక్క మాటే వ్రాశాను. ఒక జీవికి అనేక నామాలు నాకు నచ్చవు.

మచ్చుప్రతిని ప్రెస్సుకు తీసుకువెళ్ళేటప్పుడు డ్రైవరు జీపులో దానిని పైకి చదివాడు. "పొడ" దగ్గర వాడు ఆగి, "ఇది ఈ గడిలో ఉండాదేంది సార్" అన్నాడు.

"అది పూడు. దీర్ఘం తీసి పలకడం మీకు అలవాటు" అన్నాను.

"సరే సార్, మీకు కావల్లంటే దీర్ఘం పెట్టండి. పాము ఎట్లన్నా పొడుగే కదా" అని గేరు మార్చాడు.

మేడం కూడా ఒకసారి అడిగారు, ఒకే గడిలో రెండు పేర్లు ఎందుకని. కారణం చెప్పాను. "తెలుగు మీది. మీ మాటే ప్రమాణం" అని సంతకం చేశారు. తుది అచ్చుకు ముందు మూడు ప్రతులు మూడు ఆరోగ్య కేంద్రాలకు వెళ్ళాయి. ఒక నెల వాడి చూసి, లోపాలుంటే చెప్పమని కోరాము.

రెండు వారాల తర్వాత ఒక ఉదయం, తొమ్మిది దాటుతుండగా, వాటిలో ఒక కేంద్రానికి వెళ్ళాము. అక్కడి డాక్టరు కొత్తగా చేరిన యువకుడు. తెలుగు మాట్లాడలేడు, అక్షరాలు మాత్రం కన్నడానికి దగ్గర కనుక కూడబలుక్కుని చదవగలడు. నన్ను చూడగానే కన్నడంలో, "మీ పట్టిక ఇవాళే పనికివచ్చింది సర్" అన్నాడు. పొద్దున్నే ద్రాక్షతోట కూలి మనిషికి పాము కరిచిందట. పాము 'పొడ' అని చెప్పారట. గోడమీది పట్టికలో ఆ మాట వెతికి, ఎదురుగా విషం లేదని చూసి, టెటనస్ ఇంజెక్షను ఇచ్చి, "ఏనూ ఆగల్ల, హోగమ్మా", ఏమీ కాదు వెళ్ళమ్మా, అని ధైర్యం చెప్పి పంపించేశాడట.

నాకు కలిగిన సంతోషాన్ని దాచను. నా పనివల్ల ఒక మనిషి భయం తీరిందన్న మాట అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

"మనిషి వెళ్ళిపోయిందా? ఫారం నింపాలి" అన్నాను. పాముకాటు వివరాలకు పదకొండు గడుల ఫారం ఒకటి నేనే తయారుచేశాను. ఖాళీ గడి నాకు సహించదు.

"బస్సు కోసం వరండాలో కూర్చున్నట్టున్నారు" అన్నాడు డాక్టరు.

వరండా మెట్లమీద ఇద్దరు ఆడవాళ్ళు ఉన్నారు. ఒకామెకు ముప్పై ఏళ్ళుంటాయి. కుడికాలు చాపి, మడిచిన తువ్వాలు మీద పెట్టుకున్నది. రెండవ ఆమె పెద్దది, ఆమె వదిన. ఇద్దరూ ఆ ఏడాదే కదిరి వైపు నుంచి తోటపనికి వచ్చారు. నేను ఫారం తీసి తెలుగులో పలకరించేసరికి వదిన ముఖం విప్పారింది.

"పాము పేరేమన్నారమ్మా?"

"పొడ" అన్నది కాలు చాపుకున్న ఆమె.

నేను వ్రాసుకుంటూ, "పూడుపాము" అని పైకి చదివాను.

"పూడు గాదప్పా, పొడ."

"రెండూ ఒకటేనమ్మా."

వదిన నావైపు పూర్తిగా తిరిగింది. "ఎవురప్పా నీకు చెప్పినోడు, రెండూ ఒకటేనని? పూడుపాము మన్నులో పూడుకోనుంటాది, దానికి పూడుపామని పేరు. దీనికి ఈపున పొడలుంటాయి, గొలుసు మాదిరి, మూడు వరసలు. దానికి పొడపామని. గొర్రెలు కాసే పిల్లోల్లకు గూడా తెలుసు కదప్పా."

పొడ అంటే మచ్చ. నాకు తెలియని మాట కాదు. మా నాయనమ్మ మచ్చల చీరను పొడల చీర అనేది. ఏడాది పొడవునా ఊరూరా తిరిగి వందల మందిని పాము పేరేమిటని అడిగాను. ఆ పేరు ఎందుకు వచ్చిందని ఒక్కరినీ అడగలేదు. ఆ ప్రశ్నకు ఫారంలో గడి లేదు.

"పామును చూశారా? పట్టుకొచ్చారా?"

"లోపల ఆ డాక్టరప్ప గూడా ఇదే అడిగె. పట్టుకొచ్చేకి అదేమన్నా మా మేనత్త కొడుకా?" అన్నది వదిన. "కరిసి కంచెలోకి పాయె."

"బుస కొట్టిందా?"

"కొట్టిందా అంటావేంది. కుక్కరు విజిలు మాదిరి. నాలుగు సాళ్ళ అవతల ఉండే నాకు ఇనపడె."

పూడుపాము అలా బుసకొట్టదు. నేను ఆమె కాలు చూశాను. వాపు చీలమండ దాటింది. వెండి కడియం చర్మంలోకి దిగబడి ఉన్నది. ఆమె పక్కకు వంగి ఉమ్మింది. ఉమ్ములో ఎర్రటి జీర కనిపించింది.

"పొద్దున్నుంచీ నోరు ఉప్పగా ఉండాదొదినా" అన్నది, మాకు సంబంధం లేని విషయం చెబుతున్నట్టు.

నేను లోపలికి ఎలా వెళ్ళానో గుర్తులేదు. పరుగెత్తానని డ్రైవరు తర్వాత చెప్పాడు. అది వాడు కల్పించి చెప్పేవాటిలో ఒకటి కావచ్చు. డాక్టరుతో, "పొడ అంటే మణ్ణుముక్క కాదు. కొళకుమండల. పట్టిక తప్పు. తప్పు నాది" అన్నాను. రక్తపింజరకు కన్నడంలో కొళకుమండల అని పేరు. ఆ మాట విన్న డాక్టరుకు ఇక ఏ వివరణా అవసరం లేకపోయింది. పట్టికను గోడనుంచి ఊడలాగి పక్కన పడేశాడు.

ఆమెను మంచం మీద పడుకోబెట్టి, వదినచేత కడియం తీయించాడు. విరుగుడు మందు కొద్దిగా ఉన్నది గాని, అది గుర్రపు రక్తం నుంచి తీసినది, కొందరికి అదే ప్రాణం మీదికి తెస్తుంది. ముందు నిర్ధారణ కావాలి. "కొత్త గాజుగొట్టం కావాలి సర్. రక్తం అందులో పోసి ఇరవై నిమిషాలు కదపకుండా పెడితే గడ్డకట్టాలి. కట్టకపోతే విషం ఎక్కినట్టే. మా దగ్గర ఉన్నవన్నీ సబ్బుతో కడిగినవి. సబ్బు తగిలితే పరీక్ష చెడిపోతుంది" అన్నాడు.

నా పెట్టెలో, ఒక్కొక్కటి కాగితంలో చుట్టి, పన్నెండు కొత్త గాజుగొట్టాలు ఉన్నాయి. పిల్లపాముల కోసం తెచ్చినవి.

గొట్టాన్ని కిటికీ అంచున నిలబెట్టి, డాక్టరు గడియారం చూసుకున్నాడు. వదిన కాసేపు మా ముఖాలు, కాసేపు ఆ గొట్టం చూసి, "రగతం తీసి కిటికీలో పెట్టుకోని అందురూ చూస్తాండారు. దాంట్లో బొమ్మేమన్నా పడతాదా?" అన్నది. డ్రైవరు నవ్వబోయి మానుకుని, ఆమెకు ఒక గ్లాసు నీళ్ళు తెచ్చి ఇచ్చాడు. రక్తం గడ్డకట్టే ప్రక్రియను నేను ఎన్నో తరగతులకు వివరించి ఉంటాను. దానికోసం ఎదురుచూడటం అదే మొదటిసారి. ఇరవై నిమిషాలకు డాక్టరు గొట్టం తీసి పక్కకు వంచాడు. నీళ్ళలా జారింది.

విరుగుడు అక్కడే ఎక్కించడం మొదలుపెట్టి, సెలైను సీసాను డాక్టరే చేత్తో ఎత్తిపట్టుకుని జీపులో కూర్చోగా, నగరంలోని పెద్ద ఆసుపత్రికి చేర్చాము. డ్రైవరు ఆ దారి పొడవునా ఒక్క మాట మాట్లాడలేదు. అది నాకు వాడి కోపంగా అర్థమైంది. వాడు మచ్చుప్రతి చదివిన రోజున నేను దిద్దకుండా వినివుంటే ఈ ప్రయాణమే లేదు.

సాయంత్రానికి వార్డులో మంచం ఇచ్చారు. ప్రస్తుతానికి గండం గడిచిందని, మూత్రపిండాలను కొన్ని రోజులు కనిపెట్టి చూడాలని అన్నారు. ఆమె కోలుకుని తోటకు తిరిగివెళ్ళడానికి నెల పట్టింది. ఆ సాయంత్రం అది మాలో ఎవరికీ తెలియదు. నేను మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాను. కూర్చోవడం నా బాధ్యత అనుకున్నాను.

"డాక్టరు గోడమీద చూసిన ఆ కాగితంలో పేరు వ్రాసినవాణ్ణి నేనే" అని చెప్పాను.

వదిన నన్ను తేరిపార చూసింది. "అందుకేనా పొద్దున్నుంచి ఇడిసిపెట్టకుండా తిరుగుతాండావు. సదువుకున్నోడివి, ఒక మాట మా మాదిరోల్లను అడిగింటే నీ సొమ్మేం పోయింటాది?"

మంచం మీది ఆమె కళ్ళు మూసుకునే, "పాము కరిసింది, ఆయప్ప కరవలేదు కదొదినా. ఊరుకో" అన్నది.

ఆమె నిద్రపోయిందనుకున్నాను.

"అట్లాంటి కాగితాలు ఇంగ యాడన్నా ఉండాయా?"

"ఇంకో రెండు చోట్ల ఉన్నాయమ్మా. మా మేడం ఊళ్ళో లేరు. ఎల్లుండి వస్తారు. ఆమె సంతకంతో పంపిన కాగితం, ఆమె సంతకం లేకుండా తీయకూడదు. రాగానే..."

"ఆడ గూడా తోటలుండాయా?"

"ఉన్నాయి."

"మనోల్లుండారా?"

"ఉన్నారు."

ఆమె కళ్ళు తెరిచి నావైపు చూసింది. "మల్ల ఈడ కూచోని ఏం జేస్తాండావప్పా? పో."

పాఠకులలో ఉద్యోగంలో కొత్తగా చేరినవారు ఉంటే వారికి ఒక మాట. నియమం ప్రకారం నడుచుకోవడం మంచిదని నేను ఇప్పటికీ నమ్ముతాను. అయితే ఆ రోజు నియమం చాటున నేను చేస్తున్నది ఏమిటంటే, పశ్చాత్తాపపడుతూ కూర్చోవడం. అది కూడా ఒక రకమైన సోమరితనమేనని ఆమె నాకంటె ముందు గ్రహించింది.

లేచి బయటికి వచ్చేసరికి డ్రైవరు జీపు తిప్పి పెట్టి ఉన్నాడు. వాడితో ఏమీ చెప్పనక్కరలేకపోయింది. మిగిలిన రెండింటిలో మొదటి కేంద్రంలో ఎవరూ అడ్డుచెప్పలేదు. గోడమీది ప్రతిని ఊడదీసి మడతపెట్టాను. రెండవ చోటికి చేరేటప్పటికి దీపాలు పెడుతున్నారు. అక్కడి నర్సు నడివయసు మనిషి, పద్ధతి తెలిసినది. కాగితం తీయడానికి ఉత్తర్వు ఏదని అడిగింది. లేదన్నాను. ఆమె నన్ను అనుమానంగా చూసింది. ఆమె స్థానంలో ఉంటే నేనూ అలాగే చూసేవాణ్ణి. పొద్దుటి నుంచి జరిగినదంతా చెప్పాను.

విని, ఆమె తానే స్టూలు ఎక్కి పట్టిక ఊడదీసి నా చేతికిచ్చింది. తర్వాత ఖాళీ గోడ చూసి, "ఇది తీసేస్తే, రేపు ఎవరైనా ఏదో ఒక పేరు చెప్పుకుంటూ వస్తే, నేను ఏం చూసి చెప్పాలి సర్?" అన్నది.

నాకు తెలియదు అన్నాను. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో ఆ మాట ఎవరి ముందూ అనలేదు. "ఏ పేరు చెప్పినా ఇంటికి పంపకండి. ఒక రోజు ఇక్కడే ఉంచి, కాలు చూడండి, నోరు చూడండి, రక్తం చూడండి."

ఆమె ఒక చీటీ తీసుకుని ఆ మాటలను కన్నడంలో వ్రాసి, పట్టిక ఉన్న చోట అంటించింది. నాలుగు నెలల తర్వాత పట్టిక మళ్ళీ అచ్చయినప్పుడు, పాములన్నింటికీ పైన, మొదటి వరుసలో, ఆ చీటీలోని మాటలనే వేయించాము.